సన్న గీతల జామెట్రిక్ ఫాంట్లు: విజయనగరంలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో డీటీపీ, డిజైన్ పని చేస్తుంటాను. పెళ్లి కార్డులు, షాపు బోర్డులు, ప్యాకెట్ల మీద లేబుళ్లు, ఫ్లెక్సులు, ఏదొస్తే అది. ఈ మధ్య వచ్చే వాళ్లలో చాలామంది ఫోన్ తీసి ఏదో ఇంగ్లీషు డిజైన్ చూపించి "ఇదిగో, ఇలా సన్నగా, నీట్‌గా తెలుగులో కావాలి" అంటున్నారు. అందరికీ అవే జవాబులు చెబుతున్నాను కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. నాకు ఈ అక్షరాలంటే ప్రాణం. అందుకే ఎక్కడ బాగుంటాయో ఎంత చెబుతానో, ఎక్కడ పెట్టకూడదో కూడా అంత గట్టిగా చెబుతాను.

ఈ రకం అక్షరాలను ఏమంటారు? చూసి ఎలా గుర్తుపట్టాలి?

థిన్ జామెట్రిక్ సాన్స్ సెరిఫ్ అంటారు. గీత మొదలైన చోట ఎంత మందం ఉందో ఆగిన చోటా అంతే ఉంటుంది, మధ్యలో లావెక్కదు. ఆకారాలు వృత్తం, నిలువు గీత, వాలు గీతల్లోంచి పుడతాయి, అంటే ఇంగ్లీషు ఓ దాదాపు గాజులా గుండ్రంగా ఉంటుంది. ఇక థిన్ అనేది బరువు. ఫాంట్ల బరువును 100 నుంచి 900 దాకా అంకెల్లో చెబుతారు. 100 అంటే థిన్, 300 లైట్, 400 మనం రోజూ చదివే రెగ్యులర్, 700 బోల్డ్. చాలామంది 'సన్నగా' అని అడిగేటప్పుడు మనసులో ఉన్నది 300 అయి ఉంటుంది, చేతికి దొరికేది 100 అయి ఉంటుంది. గొడవలు అక్కడే మొదలవుతాయి.

తెలుగు అక్షరాలకు సెరిఫ్ అనేదే లేదు కదా, మరి సాన్స్ సెరిఫ్ ఎక్కడిది?

మంచి ప్రశ్న. సెరిఫ్ అంటే ఇంగ్లీషు అక్షరం గీత చివర కనిపించే చిన్న పాదం లాంటిది. మనకు అది లేదు. తలకట్టును సెరిఫ్ అనుకునేవాళ్లు ఉన్నారు గానీ అది తప్పు, తలకట్టు అక్షరంలో భాగం, తీసేస్తే అక్షరమే మారిపోతుంది. తెలుగులో తేడా వేరే చోట ఉంది. పాత అచ్చు పుస్తకాల్లో గీత ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా నడుస్తుంది. ఆ తేడా లేకుండా ఒకే మందంతో నడిచేదాన్ని మనవాళ్లు సాన్స్ అంటున్నారు. పేరు అరువు తెచ్చుకున్నదే అయినా పని నడుస్తోంది.

ఈ స్టైల్ ఎప్పటిది? కొత్త ఫ్యాషనా?

కొత్తది కాదు, దాదాపు వందేళ్లది. జర్మనీలో పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా అనే ఫాంట్ 1927లో బయటికి వచ్చింది. మొదట్లో ఆయన కొన్ని అక్షరాలను మరీ స్కేలు, వృత్తలేఖిని లెక్కన గీశారు. చిన్న ఆర్ అక్షరమైతే ఒక నిలువు గీత, పక్కన చుక్క, అంతే. అలాంటివి కొన్ని మామూలు చదువుకు పనికిరావని పక్కన పెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది రుడాల్ఫ్ కోఖ్ గీసిన కాబెల్ అనే ఫాంట్ కూడా వచ్చింది. 1969లో అపోలో 11 చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీద ఉన్నవి కూడా ఫ్యూచురా అక్షరాలే.

మన తరం వాళ్లకు ఈ మోజు ఎక్కించింది మాత్రం ఫోన్లు, వెబ్‌సైట్లు. 2010లో మాట్ మెకినెర్నీ గీసిన రేల్‌వే అనే ఫాంట్ మొదట ఒకే ఒక్క బరువుతో వచ్చింది, అది థిన్. తరవాత వేరేవాళ్లు కలిసి దాన్ని తొమ్మిది బరువులకు పెంచారు. 2013లో ఐఫోన్ తెరల మీదికి కూడా సన్నటి అక్షరాలు వచ్చాయి, అవి జామెట్రిక్ కావు గానీ సన్నదనం అదే. చదవలేకపోతున్నామన్న వాళ్ల కోసం అక్షరాలను లావు చేసుకునే సెట్టింగ్ కూడా అప్పుడే ఇచ్చారు. ఆ సెట్టింగ్ ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఆలోచించండి, కింద నేను చెప్పబోయే వాటిలో సగం అందులోనే ఉంది.

తెలుగు అక్షరాలు ఎలాగూ గుండ్రంగానే ఉంటాయి కదా, వృత్తాలు పెట్టి గీసేస్తే అయిపోదా?

ఇది నేను కూడా ఒకప్పుడు నమ్మాను. గ్రాఫ్ కాగితం మీద వృత్తలేఖినితో సున్న, ర, న, గ, ల గీసి చూశాను. సున్న తప్ప ఏదీ సరిగ్గా రాలేదు.

ముందు కంటి సంగతి. ఒకే మందంతో గీసిన నిఖార్సైన వృత్తాన్ని చూడండి, పైనా కిందా గీత కాస్త లావుగా, పక్కల సన్నగా అనిపిస్తుంది. కన్ను అడ్డగీతను లావుగా, నిలువు గీతను సన్నగా చూస్తుంది. అందుకని ఫాంట్ గీసేవాళ్లు పైనా కిందా రవ్వంత తగ్గిస్తారు. అలాగే చతురస్రం పక్కన అంతే ఎత్తు వృత్తం పెడితే వృత్తం పొట్టిగా కనిపిస్తుంది, అందుకని గుండ్రటి అక్షరాన్ని గీత దాటించి కొంచెం పైకీ కిందకీ పోనిస్తారు. బోల్డ్ అక్షరంలో ఇలాంటి చిన్న లోపాలు లావులో కలిసిపోతాయి. థిన్‌లో దాక్కోవడానికి చోటు లేదు, వంపు ఎక్కడ వణికినా కనిపిస్తుంది.

రెండోది, తెలుగు గుండ్రం వృత్తలేఖిని గుండ్రం కాదు, చేతి గుండ్రం. 'ల' రాసి చూడండి, చెయ్యి ఎక్కడా ఒకే వంపులో తిరగదు. లోపల చిన్న చుట్టు, తరవాత పెద్ద చుట్టు, చివర పైకి లేచే తోక. వీటన్నిటినీ ఒకే సైజు వృత్తాలుగా మార్చేస్తే ర, ద, ల, న అన్నీ అన్నదమ్ముల్లా తయారవుతాయి. ఒక్కొక్కటీ చూస్తే ముద్దుగానే ఉంటాయి, మాటగా పేరిస్తే చదవడానికి ఆగాల్సి వస్తుంది.

అయితే సన్న గీత మనకు పరాయిది అని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోను. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు లావు, సన్నం అనే తేడా పెద్దగా ఉండదు. మొన ఆకును గీరుతుంది, ఆ గాట్లో మసి రుద్దితే అక్షరం తేలుతుంది. మొదలు నుంచి చివరి దాకా ఒకటే సన్న గీత. పాత తాళపత్రం ఎక్కడైనా చూసే వీలుంటే దగ్గరికెళ్లి చూడండి, గీత మందం ఎక్కడ మారిందో వెతకండి. అందుకే తెలుగు థిన్ ఫాంట్ గీయాలనుకునేవాళ్లు ఫ్యూచురా కంటే ముందు తాళపత్రం చూడాలని నా అభిప్రాయం. సన్నదనం మనదే, కొత్తగా వచ్చింది ఆ వృత్తలేఖిని ఒక్కటే.

వత్తుల సంగతేమిటి?

అసలు కష్టం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

మన ఊళ్ల పేర్లే తీసుకోండి. 'విజయనగరం'లో ఒక్క వత్తు లేదు. అన్నీ ఒకే వరసలో, పళ్లెంలో పేర్చినట్టు కూర్చుంటాయి. థిన్‌లో ఈ మాట పెడితే ఎవరికైనా నచ్చుతుంది. పలాస, ఆమదాలవలస, రాజాం కూడా అంతే. ఇప్పుడు 'శ్రీకాకుళం' పెట్టండి. మొదటి అక్షరంలోనే శకారం, దాన్ని చుట్టుకుని కింద ర వత్తు, పైన గుడి దీర్ఘం. బొబ్బిలిలో బ కింద బ, టెక్కలిలో క కింద క, నరసన్నపేటలో న కింద న. ఇక 'ఇచ్ఛాపురం' తీసుకుంటే చ కింద ఛ వత్తు, ఆ చిన్న వత్తులోనే మళ్లీ పొట్ట, పొట్ట కింద గాటు, పైన దీర్ఘం. రెగ్యులర్ ఫాంట్‌లోనే ఆ చోటు ఇరుకు.

వత్తు అసలు అక్షరం కంటే చిన్నగా ఉంటుంది కదా. కంప్యూటర్లో అక్షరాన్ని అలాగే 60 శాతానికి కుదిస్తే గీత మందం కూడా 60 శాతం అవుతుంది. బోల్డ్‌లో పెద్దగా తెలీదు. థిన్‌లో ముందే వెంట్రుకంత ఉన్న గీత ఇంకా సన్నబడి, వత్తు అచ్చులో మాయమవుతుంది, 'బొబ్బిలి' కాస్తా 'బొబిలి' అవుతుంది. మంచి థిన్ ఫాంట్‌లో ప్రతి వత్తునీ విడిగా గీస్తారు, సైజు తగ్గినా గీత మందం పైఅక్షరంతో సమానంగా ఉండేలా. ఫాంట్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చేసే పరీక్ష ఇదే. 'ఇచ్ఛాపురం', 'పార్వతీపురం', 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం' టైప్ చేసి, పెద్దది చేసి, పైగీతనూ కిందిగీతనూ పోలుస్తాను. కింద సన్నగా కనిపిస్తే ఆ ఫాంట్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేస్తాను.

వరసకీ వరసకీ మధ్య చోటు కూడా కావాలి. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగిలితే దారాలు చిక్కుపడినట్టు ఉంటుంది. ఇంగ్లీషుకు అక్షరం సైజుకు 1.2 రెట్లు సరిపోయిన చోట తెలుగు థిన్‌కు నేను 1.6కి తక్కువ ఇవ్వను.

ఏ అక్షరాలు ఒకదానికొకటి పొరపడతాయి?

ర, ఠ మధ్య తేడా ఒక్క చుక్క. ద, ధ మధ్య ఒక గాటు. ప, ఫ అంతే. బ, భ మధ్య గాటుతోపాటు తలకట్టు తేడా కూడా ఉంటుంది. ఈ చుక్కలు, గాట్లు గీత మందంతోనే పెడితే అచ్చులో దుమ్ములా ఉంటాయి, కాబట్టి చుక్కను గీత కంటే కనీసం రెట్టింపు పెట్టాలి. వు, మ కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. ప, స, హ లాంటి వాటిలో తలకట్టు కింది ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది కదా, థిన్‌లో ఆ ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి తలకట్టు గాల్లో తేలిపోయినట్టు ఉంటుంది. దాన్ని కాస్త కిందికి దించాలి.

పెళ్లి కార్డుకు బాగుంటుందా?

పేర్లకు చాలా బాగుంటుంది. మిగతా వాటికి వద్దు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. రాజాం వైపు వాళ్ల కార్డు, మెరూన్ రంగు మీద బంగారు ఫాయిల్. మొత్తం ఒకే థిన్ ఫాంట్‌లో పెట్టాను. స్క్రీన్ మీద 400 శాతం జూమ్‌లో చూసి మురిసిపోయాను, వాళ్లబ్బాయి కూడా ఫోన్లో చూసి ఓకే అన్నాడు. కార్డులు పంచడం మొదలైన రెండో రోజు పెళ్లికూతురి తాతగారు స్వయంగా వచ్చారు. కార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి, "ఏటి బాబూ, ముహూర్తం మూడా, ఎనిమిదా?" అని అడిగారు. ఫాయిల్ పూడుకుపోయి అంకె లోపలి ఖాళీలు మూసుకుపోయాయి. ఆయన కోప్పడలేదు. "చుట్టాలందరూ నా వయసు వాళ్లే బాబూ" అన్నారంతే. ఆ రాత్రి కూర్చుని ముహూర్తం వరకు వేరే చీటీ కొట్టి మిగిలిన ప్రతి కార్డులోనూ పెట్టించాను.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. వధూవరుల పేర్లు 36 పాయింట్లకు పైన థిన్‌లో, ఒక్కో పేరు ఒక్కో వరసలో, చుట్టూ బాగా ఖాళీ వదిలి. తేదీ, ముహూర్తం, వేదిక, పెద్దల పేర్లు రెగ్యులర్ లేదా మీడియంలో. అంకెలు ఎప్పుడూ థిన్‌లో పెట్టను. ముదురు రంగు మీద లేత అక్షరమైతే ఒక బరువు పెంచుతాను, ఎందుకంటే చుట్టూ ఉన్న ఇంక్ లోపలికి పాకి గీతను తినేస్తుంది. ప్రూఫ్ కాగితం మీద తీసి, ఇంట్లో అరవై దాటిన వాళ్లకు ఇచ్చి, ట్యూబ్‌లైట్ కింద చదివించండి. వాళ్లు ఆగకుండా చదివితే ప్రింటుకి పంపండి.

ఎంత సైజు కంటే తగ్గకూడదు?

లెక్క వేసి చూపిస్తాను. థిన్ ఫాంట్‌లో గీత మందం అక్షరం సైజులో సుమారు యాభయ్యో వంతు అనుకుందాం. 12 పాయింట్లంటే 4.23 మిల్లీమీటర్లు. అందులో యాభయ్యో వంతు 0.085 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుకంత. అంగుళానికి 300 చుక్కలు వేసే, అంటే 300 డీపీఐ ప్రింటర్‌లో ఒక చుక్క సైజు సరిగ్గా అంతే. ఒకే ఒక్క చుక్క వరస మీద మీ అక్షరం నిలబడి ఉంది, ఒక చుక్క పడకపోతే గీత తెగిపోతుంది. 24 పాయింట్లకు వెళితే 0.17, 36కి 0.25. ఫాయిల్‌కైనా స్క్రీన్ ప్రింటింగ్‌కైనా నేను 0.25 కంటే సన్నగా ఒప్పుకోను. ఆఫ్‌సెట్‌లో ఇంకా కిందికి పోవచ్చు, కానీ ఒక్క నలుపులోనే పెట్టాలి. నాలుగు రంగులు కలిపి చేసిన నలుపైతే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్న గీత పక్కన ఎర్ర నీడ, నీలం నీడ వస్తాయి.

ఇంకో విషయం, తెలుగు ఫాంట్‌లో వత్తులకూ గుడులకూ చోటు వదలాలి కాబట్టి అదే పాయింట్ సైజులో తెలుగు అక్షరం ఇంగ్లీషు క్యాపిటల్ కంటే చిన్నగా ఉండొచ్చు. ఇంగ్లీషుకు చెప్పిన కొలతలు తెలుగుకు పనిచేయవు.

ఫోన్లో నల్లరంగు ఇచ్చినా బూడిద రంగులో కనిపిస్తోంది ఎందుకు?

ఫాంట్ సైజు 16 పిక్సెల్స్ అయితే గీత మందం పిక్సెల్‌లో మూడో వంతు కూడా ఉండదు. పిక్సెల్‌ను మూడు ముక్కలు చేయలేరు కాబట్టి తెర ఆ పిక్సెల్ మొత్తాన్ని మూడో వంతు నలుపుతో, అంటే లేత బూడిదతో నింపుతుంది. ఇప్పటి ఖరీదైన ఫోన్లలో తెర పిక్సెల్స్ చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి బాగానే తేలుతుంది, పాత ఫోన్లలో, ఆఫీసు మానిటర్లలో పొగలా ఉంటుంది. వెబ్ పేజీల్లో మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. మీరు లెక్కకు నలుపు ఇచ్చి పాసైపోయినా కంటికి చేరేది బూడిదే. ఫోన్ కోసమైతే థిన్‌ను శీర్షికలకే ఉంచండి, 40 పిక్సెల్స్ పైన.

సిరిమాను పండగ ఫ్లెక్సుకు వాడొచ్చా?

పైడితల్లమ్మ జాతర ముందు వారం రోజులూ నాకు ఊపిరాడదు, అప్పుడు కూడా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. మామూలు కన్ను పది మీటర్ల దూరంలో దాదాపు 3 మిల్లీమీటర్ల గీతను కష్టపడి పట్టుకుంటుంది. కష్టం లేకుండా చదవాలంటే రెట్టింపు వేసుకోండి, 6 మిల్లీమీటర్లు. గీత యాభయ్యో వంతు కదా, అంటే అక్షరం సైజు 300 మిల్లీమీటర్లు, ఒక అడుగు. ముప్ఫై మీటర్ల నుంచి కనిపించాలంటే మూడు అడుగులు. ఆరు బై నాలుగు ఫ్లెక్సు మీద ఎన్ని వరసలు పడతాయో మీరే చూసుకోండి. పైగా జనం మధ్య, బండి మీద పోతూ, వెనక ఫొటోలూ రంగులూ ఉన్న చోట చదవాలి. వద్దు. బోల్డ్ పెట్టుకోండి.

షాపు బోర్డుకు? నియాన్ లైట్‌కు?

లోపల ఎల్‌ఈడీలు పెట్టే డబ్బా అక్షరాలకు థిన్ కుదరదు, లోపల చోటే ఉండదు. కానీ ఈ మధ్య సిలికాన్ నియాన్ గొట్టాలు వస్తున్నాయి కదా, వాటికి ఒకే మందం గీత అంటే పెట్టి పుట్టినట్టే. గొట్టం తనే గీత. చీకటి గోడ మీద కాఫీ షాపు పేరో, స్టూడియో పేరో అలా వెలిగితే చూస్తూ ఉండిపోతాం. ఒక్క జాగ్రత్త, గొట్టం ఒక హద్దు దాటి వంగదు, కాబట్టి చిన్న వత్తులు, తలకట్టు మొనలు కష్టం. పేరులో వత్తులు లేకపోతే హాయి. ఉంటే బోర్డు పెద్దది చేయాలి, లేదా గొట్టం సన్నది తీసుకోవాలి.

రేడియం కటింగ్‌కు వద్దు. మిల్లీమీటరు వెడల్పు ముక్క చుట్టూ ఉన్న అనవసరపు స్టిక్కర్ పీకేటప్పుడే దాంతోపాటు లేచి వచ్చేస్తుంది, ఎండకు అంచులు ముడుచుకుంటాయి. గ్రానైట్ శిలాఫలకానికి కూడా వద్దు. మన టెక్కలి వైపు రాయిలో సహజంగానే మచ్చలుంటాయి, సన్న గీత ఆ మచ్చల్లో కలిసిపోయి దగ్గరికెళ్లినా ఆనదు.

ప్యాకెట్ల మీద?

పలాస జీడిపప్పు ప్యాకెట్లు, పొందూరు ఖాదీ చీటీలు, ఈ రెండిటి మీదా వాడి చూశాను. ఖాదీకి కుదిరినట్టు దేనికీ కుదరలేదు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకి, ఆ తరవాత సన్న నూలు వడుకుతారు. ఆ బట్టను చేత్తో పట్టుకున్న వాళ్లకు, లేత గోధుమ రంగు అట్ట మీద వెంట్రుకంత గీతతో పెద్దగా 'పొందూరు' అని ఉంటే వేరే మాట చెప్పక్కర్లేదు. జీడిపప్పుకు మాత్రం ప్యాకెట్ పారదర్శకంగా ఉంటుంది, వెనక పప్పు లేత రంగు, అక్షరం కనపడదు. వెనక ఒక ముదురు పట్టీ వేసి పేరు లైట్‌లో పెట్టాను. బరువు, ధర, తయారీ తేదీ లాంటి వాటికి అక్షరం ఎత్తు కనీసం ఎంత ఉండాలో చట్టంలోనే ఉంది, ఎత్తు సరిపోయినా వాటిని థిన్‌లో పెట్టకండి.

తెలుగులో ఉచితంగా ఏవి దొరుకుతాయి?

గూగుల్ ఫాంట్స్‌లో ఏక్ టైప్ అనే సంస్థ వాళ్ల అనేక్ తెలుగు ఉంది, 2022లో వచ్చింది. ఇందులో బరువు 100 నుంచి 800 దాకా, వెడల్పు కూడా స్లయిడర్ జరిపినట్టు మార్చుకోవచ్చు. దీనికి ఒడియా జోడు కూడా ఉంది, ఇచ్ఛాపురం వైపు రెండు భాషల బోర్డులు రాయించేవాళ్లకు ఇది ఎంత మేలో చెప్పలేను. నోటో సాన్స్ తెలుగులో కూడా థిన్ ఉంది. చతురలో థిన్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఐదు బరువులు. హింద్ గుంటూరు లైట్ దగ్గర ఆగుతుంది, కానీ ఆ లైట్ చదవడానికి సుఖంగా ఉంటుంది. వీటిలో ఏదీ ఫ్యూచురా అంత కచ్చితమైన జామెట్రీ కాదు. పైన చెప్పాను కదా, కాకపోవడమే మంచిది.

ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. కార్డులకూ బోర్డులకూ వ్యాపారానికీ డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఫాంట్‌ను మాత్రమే విడిగా అమ్మకూడదు.

గురజాడ, గిడుగు అని ఫాంట్లు ఉన్నాయట, అవి సన్నగా ఉంటాయా?

ఉన్నాయి, గూగుల్ ఫాంట్స్‌లోనే. ఒక్కోటీ ఒకే బరువుతో వస్తుంది, అందులో థిన్ లేదు, శీర్షికలకు వాడుకోండి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పోస్టర్ చేసేవాళ్లు చాలామంది గిడుగు ఫాంట్ అడుగుతారు. ఆయన పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, గురజాడ ఉన్నది మా విజయనగరంలో. మన రెండు జిల్లాల పెద్దల పేర్లు ఫాంట్ల జాబితాలో పక్కపక్కన కనిపిస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

పాపిన్స్ అనే జామెట్రిక్ ఫాంట్ పెట్టినా తెలుగు వేరేగా వస్తోంది, ఏం చేయాలి?

పాపిన్స్‌లో ఇంగ్లీషు, దేవనాగరి ఉన్నాయి, తెలుగు లేదు. మీరు తెలుగు టైప్ చేస్తే కంప్యూటర్ దగ్గరున్న ఇంకేదో ఫాంట్ తెచ్చి పెడుతుంది. ఇంగ్లీషుకు పాపిన్స్ ఉంచి, తెలుగుకు అనేక్ తీసుకుని, రెండిటి గీత మందం కంటికి సరిపోయేదాకా బరువు జరపండి. ఇంగ్లీషు 200 అయితే తెలుగు 200 అవ్వాలని రూలేం లేదు. నాకైతే సాధారణంగా తెలుగు కొంచెం పెంచితేనే జత కుదురుతుంది.

ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతున్నాయి.

వరల్డ్ రెడీ లేఅవుట్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. అను ఫాంట్లలో చేసిన పాత ఫైలు అయితే అది యూనికోడ్ (ఏ తెలుగు ఫాంట్ పెట్టినా అక్షరం మారకుండా ఉండే పద్ధతి) కాదు, ఫాంట్ మార్చగానే పిచ్చి గుర్తులు వస్తాయి, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చాక తప్పకుండా ఒకసారి మొత్తం చదవండి.

రెగ్యులర్ ఫాంట్‌కు తెల్ల ఔట్‌లైన్ వేసి సన్నగా చేస్తే?

చేయకండి. నిలువు గీతలు, అడ్డగీతలు అన్నీ ఒకేలా తగ్గవు. ఠ లోపలి చుక్క ముందు పోతుంది, తరవాత వత్తుల చివర్లు పోతాయి.

పుస్తకం మొత్తం థిన్‌లో వేయొచ్చా?

వద్దు. కవితల సంపుటి అయినా సరే. అధ్యాయం పేర్లకు వాడి, లోపల రెగ్యులర్ పెట్టండి.

నాకు సొంతంగా ఒక థిన్ ఫాంట్ గీయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలా సంతోషం. డిగ్రీ చదివే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి ఇది అడుగుతుంటారు, ఆ రోజు నాకు పని మీద ధ్యాస ఉండదు. ఫాంట్లు గీసే ఫాంట్‌ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. కానీ మొదటి నెల కంప్యూటర్ ముట్టుకోకండి. మంచి మొన ఉన్న పెన్సిల్‌తో, గీత మందం మారకుండా, అరచెయ్యంత సైజులో రాయండి. మొదట సున్న, ర, ఠ. తరవాత న, గ, ల. తరవాత తలకట్టు విడిగా ఉండే ప, స, హ. ఈ తొమ్మిదీ ఒకే ఇంటి వాళ్లలా కనిపించేదాకా ముందుకు పోవద్దు. ఆ తరవాత మూడు మాటలు రాయండి: విజయనగరం, బొబ్బిలి, ఇచ్ఛాపురం. మొదటిది గంటలో వస్తుంది. మూడోదానికి నాకు పదకొండు రోజులు పట్టింది, ఛ వత్తును ఎడమవైపు ఒక రవ్వ జరిపితే గానీ దీర్ఘం కింద చోటు దొరకలేదు. రాసిన కాగితాలు పట్టుకుని రండి, సాయంత్రం ఆరు తరవాత అయితే తీరిగ్గా చూస్తాను.